తాతగారి పెట్టెలో ఎర్ర గద్ద

మీరు అడిగినవి రెండు విషయాలు. తాతగారి ట్రంకుపెట్టెలో నల్ల గుడ్డ మీద ఎర్ర గద్ద కుట్టిన బ్యాడ్జి, రెండు నక్షత్రం మెడల్స్ దొరికాయి, ఆయన మద్రాస్ సాపర్స్‌లో (సైన్యానికి దారులు, వంతెనలు వేసి, మందుపాతరలు తీసే ఇంజనీరింగ్ దళం) పనిచేశారని తప్ప ఇంట్లో ఎవరికీ ఏమీ తెలియదు, ఆయన ఎక్కడెక్కడ యుద్ధం చేసి ఉంటారు అన్నది మొదటిది. 1962లో చైనా ముందు నిలవలేక చెల్లాచెదురైన డివిజన్ ఇదేనని ఎవరో అంటే మీ నాన్నగారు చాలా బాధపడ్డారు, అది నిజమేనా అన్నది రెండోది.

నేను కూడా మద్రాస్ సాపర్స్‌లోనే 24 ఏళ్ళు పనిచేసి సుబేదార్‌గా రిటైరయ్యాను. మా సెంటర్ బెంగళూరులో అల్సూరు చెరువు పక్కన ఉంది. తెలుగు, తమిళ, కన్నడ, మలయాళ కుర్రాళ్ళందరం అక్కడే ట్రైనింగ్ అవుతాం, మిగతా సైన్యం మమ్మల్ని ‘తంబీలు’ అని పిలుస్తుంది. అందుకే మీ ప్రశ్న చూడగానే సొంత ఇంటి సంగతిలా అనిపించింది. కాస్త పెద్ద జవాబే రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ముందు రెండో ప్రశ్న తేల్చేస్తాను. ఆ ఎర్ర గద్ద 4వ ఇండియన్ డివిజన్ గుర్తు. నిజమే, అది ఈ డివిజనే. దాచడానికి ఏమీ లేదు. కానీ జర్మన్ సేనాని రోమెల్ సైన్యంతో ఆఫ్రికా ఎడారిలో తలపడిందీ, ఎరిట్రియాలో కెరెన్ కొండలు ఎక్కిందీ, 1965లో పాకిస్తాన్ పాటన్ ట్యాంకుల్ని చెరకు తోటల్లో ఆపిందీ కూడా ఈ డివిజనే. అన్నిచోట్లా అదే గద్ద, చాలాచోట్ల అవే బ్రిగేడ్లు, కొన్నిచోట్ల అవే పటాలాలు. మరి తేడా ఎక్కడ వచ్చింది? ఇన్నేళ్ళు చదివి, పాత మనుషుల్ని అడిగి నేను తెలుసుకున్నది ఒకటుంది. తన బ్రిగేడ్లు, తన ఫిరంగులు, తన సాపర్లు ఒకే కమాండర్ చేతికింద ఉన్నప్పుడు ఈ డివిజన్ గెలిచింది. ముక్కలు చేసి తలో దిక్కుకీ పంపినప్పుడల్లా దెబ్బతింది. ఇది దృష్టిలో పెట్టుకుని మిగతాది చదవండి.

మెడల్స్ సంగతి. ఒకదాని రిబ్బను ఇసుక రంగులో ఉండి మధ్యలో ఎర్ర పట్టీ, దానికి ఒక పక్క ముదురు నీలం, ఇంకో పక్క లేత నీలం గీత ఉన్నాయని రాశారు. అది ఆఫ్రికా స్టార్. రెండోది ఎరుపు, తెలుపు, ఆకుపచ్చ, తెలుపు, ఎరుపు పట్టీలది, ఇటలీ స్టార్. అంటే మీ తాతగారు రెండు చోట్లా ఉన్నారు. ఆఫ్రికా స్టార్ 1940 జూన్ 10 నుంచి 1943 మే 12 లోపు అక్కడ పనిచేసినవాళ్ళకి ఇచ్చారు. రిబ్బను మీద చిన్న లోహపు ‘8’ అంకె ఉందేమో చూడండి. ఉంటే ఈజిప్టులో ఎల్ అలమైన్ యుద్ధం మొదలైన దగ్గర్నుంచి ట్యునీషియా చివరిదాకా ఉన్న కాలంలో బ్రిటిష్ 8వ సైన్యంలో ఉన్నారని అర్థం. లేకపోతే అంతకు ముందే ఎక్కడో ఉండి ఉండాలి. ఇంకో మాట, దయచేసి ఆ మెడల్స్‌ని చింతపండుతో తోమకండి. చాలా ఇళ్ళలో అలా తోమి పాడుచేశారు.

ఇక డివిజన్ అంటే ఏమిటో రెండు ముక్కల్లో. ఒక పటాలంలో ఏడెనిమిది వందల మంది ఉంటారు. మూడు పటాలాలు ఒక బ్రిగేడ్. మూడు బ్రిగేడ్లు, వాటికి తోడుగా ఫిరంగి రెజిమెంట్లు, సాపర్ కంపెనీలు, సిగ్నల్స్, ఆసుపత్రి, లారీలు కలిస్తే డివిజన్. ఆనాటి 4వ ఇండియన్ డివిజన్‌కి 5, 7, 11 నంబర్ల బ్రిగేడ్లు ఉండేవి. ఒక్కో బ్రిగేడ్‌లో ఒక బ్రిటిష్ పటాలం, రెండు భారతీయ పటాలాలు. సాపర్లలో బెంగాల్, బొంబాయి కంపెనీలతో పాటు మన మద్రాస్ వాళ్ళవి 12వ ఫీల్డ్ కంపెనీ, 11వ ఫీల్డ్ పార్క్ కంపెనీ (సామగ్రి, వర్క్‌షాపు చూసేది) ఉండేవి. మీ తాతగారు ఈ రెండింటిలో ఒకదానిలో ఉండి ఉండాలని నా నమ్మకం.

రెండో ప్రపంచ యుద్ధంలో మన దేశం నుంచి అందరికంటే ముందు సముద్రం దాటినది ఈ డివిజనే. 11వ బ్రిగేడ్ 1939 ఆగస్టులో, అంటే యుద్ధం ప్రకటించక ముందే, ఈజిప్టుకి బయలుదేరింది. 1940 డిసెంబర్ 9 తెల్లవారుజామున నిబేవా అనే ఇటాలియన్ శిబిరం మీద మొదటి దెబ్బ కొట్టారు. రాత్రంతా ఎడారిలో చుట్టూ తిరిగి, ఎవరూ ఊహించని వెనక వైపు నుంచి మటిల్డా ట్యాంకులతో లోపలికి దూరారు. మర్నాటికి సిదీ బర్రానీ చేతికి వచ్చింది. ఆ మూడు నాలుగు రోజుల్లో మొత్తం సైన్యం పట్టుకున్న ఖైదీలు 38 వేలు. ఆ విజయం ఇంకా చల్లారకముందే డివిజన్‌ని అక్కణ్ణుంచి తీసి సూడాన్‌కి పంపేశారు. ఎరిట్రియాలో కెరెన్ వాళ్ళ కోసం ఎదురుచూస్తోంది.

కెరెన్ గురించి కాస్త నిదానంగా చెప్పాలి. అది ఎత్తైన పీఠభూమి మీద ఉన్న ఊరు. కింద మైదానం నుంచి అక్కడికి పోవడానికి ఉన్నది ఒకే దారి, డోంగొలాస్ లోయ. రోడ్డూ రైలు పట్టాలూ రెండూ ఆ సందులోనే పోతాయి. ఇటాలియన్లు ఆ సందులోకి కొండచరియలు పేల్చి రోడ్డు మూసేశారు, రెండు పక్కల శిఖరాల మీద తుపాకులు పెట్టుకుని కూర్చున్నారు. 1941 ఫిబ్రవరి మొదట్లో మనవాళ్ళు చేరేసరికి పరిస్థితి అది. కామెరాన్ గట్టు అని పేరుపెట్టిన ఒక మెట్ట దొరికింది గానీ, దాని నెత్తిన సాంచిల్ శిఖరం ఉంది. పైనుంచి శత్రువుకి కిందనున్న ప్రతి మనిషీ కనిపిస్తాడు. నీళ్ళ డబ్బాలు, తూటాల పెట్టెలు వీపు మీద పెట్టుకుని, చీకట్లో, వదులు రాళ్ళ మీద కాళ్ళూ చేతులతో పాకి ఎక్కాలి. ఒకడు పైన పోరాడాలంటే ఇంకొకడు కిందనుంచి మోస్తూనే ఉండాలి.

4/6 రాజ్‌పుతానా రైఫిల్స్‌లో (అంటే 6వ రెజిమెంటులో 4వ పటాలం) సుబేదార్ రిచ్‌పాల్ రామ్ ఆ కొండల్లోనే పోరాడాడు. ఫిబ్రవరి 7 రాత్రి ఆయన కంపెనీ కమాండర్ గాయపడితే తనే ముందుండి బాయొనెట్లతో ఎక్కి స్థావరం పట్టుకున్నాడు. ఆరు ఎదురుదాడులు తిప్పికొట్టి, తూటాలు అయిపోయాక మిగిలిన కొద్దిమందితో శత్రువు మధ్యనుంచి వెనక్కి వచ్చాడు. ఐదు రోజుల తర్వాత మళ్ళీ అదే చోటికి వెళ్ళాడు. కుడి పాదం తెగిపోయింది. అయినా ప్రాణం పోయేదాకా తన మనుషుల్ని ముందుకు నడవమని హుషారిస్తూనే ఉన్నాడు. బ్రిటిష్ వాళ్ళ అత్యున్నత శౌర్య పతకం విక్టోరియా క్రాస్ ఇచ్చారు. సుబేదార్‌గా పనిచేసినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను, ఒకసారి చావు అంచు చూసొచ్చిన చోటికే మళ్ళీ మనుషుల్ని నడిపించుకుని వెళ్ళడం ఎంత కష్టమో మాటల్లో చెప్పలేను.

మార్చి 15న రెండు డివిజన్లు ఒకేసారి కదిలాయి. లోయకి ఎడమ పక్క 4వది, కుడి పక్క 5వ ఇండియన్ డివిజన్. చివరికి సాపర్లు ఆ రోడ్డు మీది బండల్ని తొలగించి దారి తెరిచారు. మార్చి 27న కెరెన్ పడింది. మనవైపు చనిపోయినవాళ్ళు 536 మంది, గాయపడ్డవాళ్ళు మూడు వేల పైచిలుకు. మీ తాతగారి ఆఫ్రికా స్టార్ ఎరిట్రియాకి కూడా ఇచ్చేదే, కాబట్టి ఆయన ఇక్కడ ఉండి ఉండే అవకాశం ఉంది.

కెరెన్ తర్వాత డివిజన్‌ని ముక్కలు చేయడం మొదలైంది. 1941 జూన్‌లో 5వ బ్రిగేడ్ సిరియాలో డమాస్కస్ దగ్గర పోరాడుతుంటే, అదే నెలలో 11వ బ్రిగేడ్ ఈజిప్టు సరిహద్దులో హల్ఫాయా కనుమ మీద దాడి చేస్తోంది. డమాస్కస్ పొలిమేరలో మెజ్జే అనే ఊళ్ళో 5వ బ్రిగేడ్ మనుషులు ఒక ఇంట్లో చుట్టుముట్టబడి, తూటాలు అయిపోయేదాకా పోరాడి లొంగిపోయారు. మర్నాడే డమాస్కస్ పడింది. హల్ఫాయాలో దాడి విఫలమైంది. రెండు చోట్లా ఎవరి ధైర్యాన్నీ తప్పుపట్టలేం, పక్కన ఆదుకునే చెయ్యి లేదంతే.

ఆ ఏడు నవంబర్‌లో లిబియా మీద పెద్ద దాడి జరిగింది, డిసెంబర్‌కి బెంఘాజీ దాకా వెళ్ళారు. జనవరిలో రోమెల్ ఎదురు తిరిగాడు. 7వ బ్రిగేడ్ బెంఘాజీలో చిక్కుకుపోయింది, తూర్పు దారులన్నీ మూసుకుపోయాయి. బ్రిగేడియర్ బ్రిగ్స్ అప్పుడు తీసుకున్న నిర్ణయం నాకు ఎప్పటికీ ఆశ్చర్యమే. తూర్పుకి పారిపోతారని శత్రువు కాపు కాస్తున్నాడు కదా, ఆయన తన బ్రిగేడ్‌ని మూడు దళాలు చేసి దక్షిణంగా, శత్రువు మధ్యలోంచే నడిపించాడు. దీపాలు ఆర్పేసిన లారీలు రాత్రంతా జర్మన్, ఇటాలియన్ బళ్ళ పక్కనుంచే పోయాయి. అందులో ఎక్కువమంది ఎడారి చుట్టి మళ్ళీ మనవాళ్ళని చేరుకున్నారు. ఈ 7వ బ్రిగేడ్ పేరు గుర్తుంచుకోండి, ముందు ముందు మళ్ళీ వస్తుంది.

1942 వేసవిలో అన్నిటికంటే పెద్ద నష్టం జరిగింది. డివిజన్ కమాండర్ అప్పుడు మేజర్ జనరల్ ఫ్రాన్సిస్ టకర్. ఆయన బ్రిగేడ్లను ఆయన చేతిలోంచి లాక్కున్నారు. 7వది సైప్రస్‌కి, 5వది పాలస్తీనాకి, 11వది చివరికి టోబ్రూక్‌కి. జూన్ 21న టోబ్రూక్ లొంగిపోయినప్పుడు 11వ బ్రిగేడ్ మొత్తం ఖైదైపోయింది. అందులోని స్కాటిష్ పటాలం కామెరాన్ హైలాండర్స్ మాత్రం లొంగం అని ఇంకో రోజు పోరాడారు. డివిజన్లను ఇలా చిల్లర నాణేల్లా ఖర్చుపెట్టకూడదని టకర్ పైవాళ్ళతో ఎన్నిసార్లు పోట్లాడాడో లెక్కలేదు. ఆయన మాటే నిజమైంది.

ఆ మాట నిజమని ఆయనే చేసి చూపించింది 1943 ఏప్రిల్‌లో, ట్యునీషియాలో వాదీ అకారిత్ దగ్గర. శత్రువు సముద్రానికీ ఉప్పు బయలుకీ మధ్య ఉన్న ఇరుకు దారి మీద కూర్చున్నాడు. దానికి ఒక చివర ఫత్నాసా అనే పెద్ద కొండల గుట్ట ఉంది. దాన్ని వదిలేసి పక్కనుంచి దాడి చేయాలన్నది మొదటి పథకం. టకర్ ఒప్పుకోలేదు. ఆ కొండలు చేతిలో లేకుండా కింద ఎవరూ బతకరు, నా డివిజన్‌కి వదలండి, రాత్రిపూట మేం ఎక్కుతాం అన్నాడు. ఈసారి ఆయన దగ్గర ఉన్నవి రెండే బ్రిగేడ్లు, కానీ రెండూ ఆయన చేతిలోనే ఉన్నాయి. ఏప్రిల్ 5 రాత్రి, ఫిరంగులు మొదలవకముందే, 1/2 గూర్ఖా రైఫిల్స్ ఆ గుట్టలోకి చప్పుడు లేకుండా దూరారు. సుబేదార్ లాల్‌బహదూర్ థాపా ఒక సన్నని బండసందులోంచి ఎక్కుతూ, దారికి అడ్డం ఉన్న మెషిన్‌గన్ గూళ్ళని ఒక్కోటీ కుఖ్రీతో, పిస్టల్‌తో ఖాళీ చేసుకుంటూ శిఖరం చేరాడు. ఆ సందు తెరుచుకోకపోతే వెనకున్న డివిజన్ కదలలేదు. ఆయనకీ విక్టోరియా క్రాస్ వచ్చింది. తెల్లవారేసరికి కొండలు మనవి. దారి ఖాళీగా ఉందని టకర్ కబురు పంపాడు కూడా, ట్యాంకులే ఆలస్యంగా వచ్చాయి.

రెండు వారాలకి జెబెల్ గార్సీ దగ్గర 4/6 రాజ్‌పుతానా రైఫిల్స్‌లోనే కంపెనీ హవల్దార్ మేజర్ ఛేలూ రామ్ ప్రాణమిచ్చి మరో విక్టోరియా క్రాస్ తెచ్చాడు. రిచ్‌పాల్ రామ్ పటాలమే అది. మే 12న జర్మన్ సేనాధిపతి వాన్ ఆర్నిమ్ ఈ డివిజన్ మనుషుల ముందే లొంగిపోయాడు. ఆఫ్రికా స్టార్ గడువు ముగిసే తేదీ కూడా అదేనని పైన రాశాను కదా.

మీ తాతగారి రెండో మెడల్, ఇటలీ. అక్కడ మన సాపర్ల కథ ఎక్కువ, కాబట్టి ఇక్కడ ఆగుతాను.

1944 ఫిబ్రవరిలో డివిజన్ మోంటే కసీనో చేరింది. కొండ నెత్తిన పాత క్రైస్తవ మఠం, కింద ఊరు, చుట్టూ వానకి ఉబ్బిన నది. టకర్ అప్పుడు కీళ్ళవాతంతో ఆసుపత్రి మంచం మీద ఉన్నాడు. అక్కణ్ణుంచే నేపుల్స్‌లో ఒక పాత పుస్తకం సంపాదించి, ఆ మఠం గోడలు అడుగున 10 అడుగుల మందం ఉంటాయని చదివి, మామూలు ఫిరంగులతో అది పగలదని, పెద్ద బాంబులే కావాలని, అసలు ఆ కొండని ఎదురుగా కొట్టకుండా చుట్టూ తిరిగి పోవడం మంచిదని రాసి పంపాడు. బాంబుల మాట విన్నారు, చుట్టూ తిరగమన్న మాట వినలేదు.

ఫిబ్రవరి 15 పొద్దున విమానాలు మఠాన్ని నేలమట్టం చేశాయి. కానీ 7వ బ్రిగేడ్‌కి ఆ సంగతి ముందుగా సరిగ్గా చేరలేదు. పాముపడగ గట్టు మీద, మఠానికి అంత దగ్గరగా ఉన్న మనవాళ్ళ మీద కూడా బాంబులు పడ్డాయి. దాడికి ఇంకా సిద్ధంగా లేరు. ఆ రాత్రి ఒకే ఒక్క కంపెనీని పంపారు, 66 మంది వెళితే సగం మంది చనిపోవడమో గాయపడటమో జరిగింది. తర్వాతి రాత్రి ఒక పటాలం, ఆ మర్నాటి రాత్రి ఇంకొన్ని పటాలాలు. ఒక్కసారిగా వేయాల్సిన దెబ్బని మూడు రాత్రులు విడివిడిగా వేశారు. అందుకు మూల్యం మన కుర్రాళ్ళు చెల్లించారు. దట్టమైన ముళ్ళపొదల్లో మందుపాతరలు, వాటికి కట్టిన తీగలు. 1/2 గూర్ఖాలు ఆ పొదల్లోకే దూకారు.

మందుపాతర గురించి ఒక సాపర్‌గా చెప్పాలి. జర్మన్లు వాడిన ఎస్-మైన్ కాలికింద వెంటనే పేలదు. ముందు చిన్న చప్పుడు వస్తుంది, మూడు నాలుగు సెకన్లు గడిచాక నడుం ఎత్తుకి ఎగిరి అక్కడ పేలుతుంది, లోపలున్న ఇనప గుళ్ళు చుట్టూ ఉన్నవాళ్ళందరినీ తీస్తాయి. 1944 ఫిబ్రవరి 24న కసీనో వెనక మిన్యానో దగ్గర మన 11వ ఫీల్డ్ పార్క్ కంపెనీ వాళ్ళు దారి శుభ్రం చేస్తున్నారు. ఒకరి కాలు పడింది, ఆ చిన్న చప్పుడు వినిపించింది. ఆ నాలుగు సెకన్లలో సుబేదార్ సుబ్రహ్మణ్యం తన ఒళ్ళు దాని మీద పడేశాడు. వెనకున్నవాళ్ళు బతికారు. ఆయనకి జార్జ్ క్రాస్ ఇచ్చారు, శత్రువుతో నేరుగా పోరాడని చోట చూపిన ధైర్యానికి ఇచ్చే అత్యున్నత పతకం అది. మీ తాతగారు ఆ కంపెనీలోనే ఉండి ఉంటే ఆయన్ని ఎరిగినవారే అయ్యుంటారు.

ఇంకో సంగతి. డివిజన్ సాపర్లు, న్యూజిలాండ్ ఇంజనీర్లు కలిసి ఆ కొండ వెనక భాగంలో కంచరగాడిదలు నడిచే కాలిబాటని ట్యాంకులు పట్టే రోడ్డుగా మార్చారు. దానికి కావెండిష్ రోడ్ అని పేరు. శత్రువు కంట పడకుండా తడకలు, వలలు కప్పుతూ, రాత్రిళ్ళు గునపాలు, సుత్తులు, మందుగుండుతో బండ కొట్టారు. నేను కూడా కొండ రోడ్లు వేసినవాణ్ణి. బండలో గుల్ల తవ్వేటప్పుడు ఒకడు గునపం పట్టుకుంటాడు, ఇద్దరు సుత్తితో కొడతారు. చీకట్లో దెబ్బ తప్పితే పట్టుకున్నవాడి మణికట్టు పోతుంది. గునపం తలకి తెల్లగుడ్డ కట్టుకుంటాం, అది చూసి కొట్టాలి. వాళ్ళు ఇదే పని చలికాలపు వానలో, శత్రువు ఫిరంగుల అందుబాటులో చేశారు. ఆ రోడ్డు పైన చేరే గిన్నెలాంటి బయలుకి ‘మద్రాస్ సర్కస్’ అని పేరు పెట్టారు. కసీనో యుద్ధపు పటాల్లో ఇప్పటికీ ఆ పేరు ఉంటుంది. ఇటలీ నడిబొడ్డున కొండ మీద మద్రాస్ పేరు పడిందంటే అది మన తంబీల చెమట వల్లే.

మార్చి 19న ఆ రోడ్డు మీదుగా ట్యాంకులు నిజంగానే పైకెక్కాయి, జర్మన్లు నివ్వెరపోయారు. కానీ వాటి వెంట నడిచే పదాతి సైన్యాన్ని పంపలేదు. తోడు లేని ట్యాంకుల్ని మందుపాతరలు, దగ్గరనుంచి కొట్టే ఆయుధాలు ఒక్కొక్కటిగా తినేశాయి. అదే వారం 1/9 గూర్ఖాలు మఠానికి కొద్ది వందల గజాల కింద ‘ఉరికొయ్య గుట్ట’ మీద ఎనిమిది తొమ్మిది రోజులు వేలాడారు. తిండి, నీళ్ళు విమానాల నుంచి జారవిడిస్తే సగం శత్రువు వైపు పడేవి. చివరికి మార్చి 24 రాత్రి మెల్లగా దిగివచ్చారు. మార్చి పోరు ఒక్కదానిలోనే డివిజన్‌కి నష్టం వెయ్యి దాటింది.

కసీనో తర్వాత ఎడ్రియాటిక్ సముద్రం వైపు, గోథిక్ లైన్ అనే జర్మన్ రక్షణ రేఖ, సాన్ మారినో. అక్కడ 1/9 గూర్ఖాల్లో రైఫిల్‌మన్ షేర్‌బహదూర్ థాపా గాయపడ్డవాళ్ళని మోసుకొస్తూ చనిపోయి విక్టోరియా క్రాస్ పొందాడు. 1944 చివర గ్రీస్. 1946లో ఇంటికి. 1947 ఆగస్టులో పంజాబ్ విభజన మంటల్లో పెట్టిన సరిహద్దు దళానికి కూడా ఈ డివిజనే పునాది, జనరల్ రీస్ కమాండర్. మంట ముందు అది చాలలేదు.

ఇప్పుడు 1962. మీ నాన్నగారికి ఈ భాగం చదివి వినిపించండి.

1959 చివర డివిజన్‌ని అంబాలా నుంచి నేఫాకి, అంటే ఇప్పటి అరుణాచల్‌కి తరలించారు. వెళ్ళగానే విడదీశారు. 11వ బ్రిగేడ్ నాగా కొండలకి, 5వది నేఫాలోని మిగతా ప్రాంతాలకి. తవాంగ్ వైపు మిగిలింది 7వ బ్రిగేడ్ ఒక్కటే. బెంఘాజీ నుంచి తప్పించుకున్నది, ఫత్నాసా ఎక్కినది, ఆ 7వ బ్రిగేడే. 1962 అక్టోబర్‌లో దాన్ని నామ్‌కా చూ అనే కొండవాగు ఒడ్డున దాదాపు 20 కిలోమీటర్ల పొడుగునా పరిచారు. పై గట్టు చైనా వాళ్ళది. చాలామంది ఒంటిమీద వేసవి బట్టలే. చేతిలో సంచి నిండే తూటాలు. విమానాలు వేసిన సరుకు చాలావరకు లోయల్లో పడిపోయింది. ఆదుకునే ఫిరంగులు దాదాపు లేవు. ఆ వాగు ఒడ్డున ఉండకూడదని బ్రిగేడియర్ జాన్ దాల్వీ, డివిజన్ కమాండర్ నిరంజన్ ప్రసాద్ ఇద్దరూ చెప్పారు. పైనుంచి వచ్చిన ఆజ్ఞ మారలేదు.

అక్టోబర్ 20 తెల్లవారుజామున దెబ్బ పడింది. 2 రాజ్‌పుత్ పటాలంలో 500 మందికి పైగా ఉంటే 282 మంది చనిపోయారు. ఉరికొయ్య గుట్ట మీద వేలాడిన 1/9 గూర్ఖాలూ అక్కడే ఉన్నారు, వాళ్ళూ అలాగే నలిగిపోయారు. దాల్వీ ఖైదయ్యాడు. అంత మంది నిలిచి చచ్చిపోయిన చోటుని ‘పారిపోయారు’ అనే ఒక్క మాటతో తుడిచేయడం అన్యాయం.

తవాంగ్‌కి దక్షిణాన ఉన్న సేలా, బొమ్‌డిలా సంగతి వేరే, అక్కడ నిజంగానే కుప్పకూలింది. కానీ నవంబర్‌లో అక్కడ ఉన్నవి 62, 65, 48 బ్రిగేడ్లు. ఎక్కడెక్కణ్ణుంచో హడావిడిగా తెచ్చి కలిపినవి. పాత మూడింటిలో ఒక్కటీ లేదు. కమాండర్ కొత్త, బ్రిగేడ్లు కొత్త, పక్క పటాలం ముఖం ఎవరికీ తెలియదు. బోర్డు మాత్రం 4వ డివిజన్‌ది. 13,700 అడుగుల సేలా కనుమ నిలబడి పోరాడగలిగిన చోటు. ఆ దగ్గర్లోనే నూరానాంగ్‌లో నవంబర్ 17న 4 గఢ్వాల్ రైఫిల్స్ దాడి తర్వాత దాడి తిప్పికొట్టారు, జస్వంత్ సింగ్ రావత్ అక్కడే ప్రాణమిచ్చాడు. ఆ రాత్రే సేలా వదిలేశారు. మర్నాడు బొమ్‌డిలా పోయింది. ఇక్కడ తప్పు కమాండ్‌ది, సిపాయిది కాదు. నేను ఆ రోడ్డు మీద ఒక చలికాలం పనిచేశాను. ఉన్ని కోటు, మంచి బూట్లు, వేడి తిండి అన్నీ ఉండి కూడా పది గునప్పోట్లు వేస్తే ఊపిరి అందేది కాదు. ఆ పక్కనే నూలు బట్టలతో నిలబడ్డవాళ్ళని తలుచుకుంటే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. మరోవైపు, నాగా కొండలకి పోయిన 11వ బ్రిగేడ్ వాలాంగ్‌లో గట్టిగా పోరాడింది.

ఇక 1965. అప్పటికి పేరు 4వ మౌంటెన్ డివిజన్, కమాండర్ మేజర్ జనరల్ గుర్‌బక్ష్ సింగ్. పంజాబ్‌లో ఖేమ్‌కరణ్ దగ్గర ఆయన చేతిలో ఉన్నవి 7, 62 బ్రిగేడ్లు. నామ్‌కా చూలో నలిగింది ఒకటి, సేలా వదిలిపెట్టింది ఇంకొకటి. సెప్టెంబర్ 6న చేసిన మొదటి దాడి మళ్ళీ విఫలమైంది. చాలామంది వెనక్కి వచ్చేశారు, పటాలాలు సగానికి పడిపోయాయి. కథ ఇంకోసారి 1962లా ముగుస్తుందేమో అని అందరికీ టెన్షన్.

ఈసారి మాత్రం డివిజన్‌ని విడదీయలేదు. మిగిలినవాళ్ళని అసల్ ఉత్తర్ ఊరి చుట్టూ గుర్రపునాడా ఆకారంలో ఒక్కచోట కూర్చోబెట్టారు. వెనక ఫిరంగులన్నీ ఒకే చేతికింద. పక్కన బ్రిగేడియర్ థియోగరాజ్ ట్యాంకు బ్రిగేడ్. డివిజన్‌తోనే ఉన్న షెర్మన్ ట్యాంకులు డెక్కన్ హార్స్ వాళ్ళవి. మన హైదరాబాద్ నిజాం కంటింజెంట్ అశ్వదళం నుంచి పుట్టిన రెజిమెంటు అది. కాలువ గట్లు తెగ్గొట్టి పొలాల్లోకి నీళ్ళు వదిలారు. పాటన్ ట్యాంకులు చెరకు తోటల్లోకి వచ్చి బురదలో దిగబడ్డాయి, తల తిప్పుకోలేక పక్కల్ని చూపించాయి.

4 గ్రెనేడియర్స్ పటాలం కూడా నామ్‌కా చూ మీద నిలిచినదే, కంపెనీ క్వార్టర్‌మాస్టర్ హవల్దార్ అబ్దుల్ హమీద్ అప్పుడూ అందులోనే ఉన్నాడు. ఇప్పుడు ఆయన జీపు మీద బిగించిన రీకాయిల్‌లెస్ గన్‌తో (ట్యాంకుల్ని కొట్టే తేలిక ఫిరంగి) చెరకు మాటున కూర్చుని, ట్యాంకు బాగా దగ్గరికి వచ్చేదాకా ఆగి కొట్టేవాడు. కొట్టగానే పొగ లేస్తుంది, చోటు తెలిసిపోతుంది, వెంటనే జీపు మార్చాలి. అలా ఒకదాని తర్వాత ఒకటి కొట్టి, సెప్టెంబర్ 10న ఒక ట్యాంకుతో ఎదురెదురుగా కాల్పుల్లో చనిపోయాడు. పరమవీర చక్ర ఇచ్చారు. ఆ మూడు రోజుల్లో మన లెక్క ప్రకారం 97 పాకిస్తాన్ ట్యాంకులు పోయాయి. పట్టుబడ్డవాటిని భిఖీవిండ్ దగ్గర వరసగా నిలబెడితే ఆ చోటుకి పాటన్ నగర్ అని పేరు వచ్చింది. మూడేళ్ళ కిందట చెదిరిపోయిన బ్రిగేడ్లే ఇవి. 1971లో కుష్టియా వైపు కూడా ఈ డివిజన్ పోరాడింది. ఇప్పుడు కేంద్రం ప్రయాగ్‌రాజ్‌లో ఉంది, భుజాన అదే ఎర్ర గద్ద.

మీరు చేయాల్సిన పని ఒకటుంది. పెట్టెలో పాత పే-బుక్ గానీ, డిశ్చార్జి కాగితం గానీ ఉందేమో వెతకండి. తడిసి అంటుకుపోయి ఉంటే లాగకండి, నీడలో ఆరనివ్వండి. దాని మీద ఆయన సర్వీస్ నంబరు ఉంటుంది. ఆ నంబరు, పూర్తి పేరు, తండ్రి పేరు, ఊరు రాసి, మీ గుర్తింపు కాగితం జతచేసి బెంగళూరులోని మద్రాస్ ఇంజనీర్ గ్రూప్ (మద్రాస్ సాపర్స్ అధికారిక పేరు ఇదే) రికార్డ్స్ ఆఫీసుకి పంపండి. ఆయన తోటివాళ్ళెవరైనా ఇటలీలో చనిపోయి ఉంటే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైట్‌లో పేరు, రెజిమెంటుతో వెతకవచ్చు. మీ తాతగారు 12వ ఫీల్డ్ కంపెనీయా, 11వ ఫీల్డ్ పార్కా అన్నది ఆ కాగితంతో తేలుతుంది. దొరికితే ఇక్కడే రాయండి, ఏ నెలలో ఎక్కడ ఉండి ఉంటారో కలిసి చూద్దాం.